చెవి చేసే చప్పుడును పట్టుకోవడం ఎలా: పసిబిడ్డల వార్డులో ఓఏఈ పరీక్ష

పసిబిడ్డల వార్డులో ఓఏఈ అనే చెవి పరీక్ష యంత్రం కొత్తగా చేతికొచ్చిన నర్సులకూ టెక్నీషియన్లకూ ఇది రాస్తున్నాను. తల్లిదండ్రులు చదివినా అర్థమయ్యేలాగే రాస్తాను. అమ్మమ్మలు, నాయనమ్మలు చదివితే మరీ సంతోషం. ఎందుకో నూనె సంగతి దగ్గరికి వచ్చేసరికి తెలుస్తుంది. నేను నల్లగొండలో ఆడియాలజిస్టును. వారంలో కొన్ని రోజులు ఊళ్లోనే ఉంటాను. మిగతా రోజుల్లో దేవరకొండ, మిర్యాలగూడ, ఒక్కోసారి అచ్చంపేట దాకా శిబిరాలకు తిరుగుతాను. ఎక్కడికి వెళ్లినా యంత్రం అదే, తిప్పలూ అవే.

సరంజామా చాలా తక్కువ. అరచేతిలో పట్టే యంత్రం, దానికో వైరు, వైరు చివర ప్రోబ్, ప్రోబ్‌కు తొడిగే మెత్తటి రబ్బరు టిప్పులు. ప్రోబ్‌లో శబ్దం పంపే చిన్న స్పీకర్లూ, శబ్దం వినే మైకూ ఉంటాయి. మీట నొక్కితే మిగతాదంతా యంత్రమే చూసుకుంటుంది. అందుకే చాలామంది దీన్ని పది నిమిషాల్లో నేర్చేసుకున్నామనుకుంటారు. అసలు పని యంత్రంలో లేదు. చెవికీ మైకుకూ మధ్య ఉన్న ఆ కాస్త చోటును శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంచడంలో ఉంది. జవాబు దొరకని బిడ్డను మళ్లీ రప్పించడంలో ఉంది. ఈ రెండూ చేతకాకపోతే ఎంత ఖరీదైన యంత్రం కొన్నా వృథాయే.

లోపల ఏం జరుగుతుంది

చెవి అంటే శబ్దం లోపలికి వెళ్లే దారి అనే అనుకుంటాం. ఆ దారిలో శబ్దం బయటికి కూడా వస్తుంది. లోపలి చెవిలో కాక్లియా అనే భాగం నత్తగుల్ల ఆకారంలో రెండున్నర చుట్లు తిరిగి ఉంటుంది. చుట్లు విప్పి సాగదీస్తే 35 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. ఆ పొడవునా రోమ కణాలు వరుసలు తీరి ఉంటాయి. లోపలి వరుస ఒక్కటే, అందులో సుమారు 3,500 కణాలు. బయటి వరుసలు మూడు, వాటిలో సుమారు 12,000. మెదడుకు కబురు పంపేది లోపలి వరుస. బయటి వరుసల పని వేరు: శబ్దం తగలగానే ఆ కణాలు సాగుతూ, ముడుచుకుంటూ దానితో పాటు కదులుతాయి. ఊగుతున్న ఉయ్యాలను అదను చూసి వేలితో తోస్తే ఊపు పెరిగినట్టు, ఆ కదలిక వల్ల సన్నటి శబ్దం కూడా లోపలి వరుసకు అందేంత పెద్దదవుతుంది. బయటి కణాలు దెబ్బతింటే 40 నుంచి 60 డెసిబెల్స్ దాకా వినికిడి తగ్గిపోతుంది.

ఆ ఊపులో కొంత శక్తి వెనక్కి మళ్లుతుంది. కాక్లియా నుంచి మధ్య చెవిలోని మూడు బుల్లి ఎముకల మీదుగా కర్ణభేరికి, అక్కడి నుంచి చెవి రంధ్రంలోకి చేరుతుంది. దీన్నే ఓటోఅకౌస్టిక్ ఎమిషన్ అంటారు, మన వాడుకలో ఓఏఈ. పక్కన కూర్చున్నవాళ్లకు వినపడేంత శబ్దం కాదది. సున్నితమైన మైకుకు మాత్రమే చిక్కుతుంది. పసిబిడ్డల చెవుల్లో పెద్దవాళ్లకంటే గట్టిగానే వస్తుంది, అది మన అదృష్టం.

1948లో థామస్ గోల్డ్ అనే ఆయన ఒక వాదన చేశాడు. చెవి ఇంత కచ్చితంగా స్వరాలను వేరు చేస్తున్నదంటే లోపల ఏదో కణజాలం శక్తిని ఖర్చు పెడుతూ ఉండాలని, అదే నిజమైతే చెవి నుంచి శబ్దం బయటికి కూడా రావాలని అన్నాడు. అప్పటి పరికరాలకు ఆ శబ్దం దొరకలేదు. ఆయన చెవిని వదిలేసి ఖగోళ శాస్త్రంలో పేరు తెచ్చుకున్నాడు. 30 ఏళ్లకు, 1978లో, లండన్‌లో డేవిడ్ కెంప్ దాన్ని పట్టుకున్నాడు. చెవిలోకి టిక్కుమని శబ్దం పంపి వింటే, కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా జవాబు వచ్చింది. పెద్దవాళ్ల చెవి రంధ్రం పొడవు రెండున్నర సెంటీమీటర్లే. కర్ణభేరికి తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనికి అంత సమయం పట్టదు. లోపలికి వెళ్లి, అక్కడ పని జరిగి, తిరిగి వచ్చిన శబ్దమది. కాక్లియా దెబ్బతిన్న చెవుల్లో అది కనపడలేదు. ఈ రోజు మన వార్డులో చేసే పరీక్షకు మూలం ఇదే.

యంత్రాల్లో రెండు పద్ధతులు ఉంటాయి. టీఈఓఏఈ పద్ధతిలో సుమారు 80 డెసిబెల్స్ టిక్కులు వందలకొద్దీ పంపి, వచ్చిన జవాబులకు సగటు తీస్తారు. చెవి జవాబు ప్రతిసారీ ఒకేలా ఉంటుంది, వార్డు రొద ప్రతిసారీ మారిపోతుంది. సగటు తీసేకొద్దీ రొద కరిగి జవాబు మిగులుతుంది. డీపీఓఏఈ పద్ధతిలో రెండు స్వరాలను ఒకేసారి పంపుతారు. ఉదాహరణకు 3,280, 4,000 హెర్ట్జ్ స్వరాలు పంపితే, ఆరోగ్యంగా ఉన్న చెవి 2,560 హెర్ట్జ్ దగ్గర మూడో స్వరాన్ని తానే పుట్టిస్తుంది. మొదటిదాన్ని రెట్టింపు చేసి అందులోంచి రెండోదాన్ని తీసేస్తే వచ్చే అంకె అది. యంత్రం ఆ స్వరాన్ని పంపలేదు కాబట్టి అక్కడ వినపడింది చెవి సొంతం. ఇన్నేళ్లయినా ఆ గీత తెరమీద లేచినప్పుడు నాకు ముచ్చటగానే ఉంటుంది.

ఏమీ పంపకపోయినా తమంతట తామే శబ్దం చేసే చెవులు కూడా ఉన్నాయి. మగవారిలో కంటే ఆడవారిలో ఇది ఎక్కువ. చెవిలో గుయ్యిమని మోత వస్తోందంటూ వచ్చేవారు ఇది చదివి తమ జబ్బు ఇదేననుకోవద్దు. ఆ మోత సంగతి చాలావరకు వేరు.

ఎప్పుడు చేయాలి

పుట్టిన 24 గంటల్లోపు తొందరపడకండి. అప్పటికి చెవి రంధ్రంలో, పుట్టినప్పుడు ఒంటికి అంటుకుని ఉండే తెల్లటి జిడ్డు ఉంటుంది. కర్ణభేరి వెనుక నీరు ఇంకా ఆరదు. ఆపరేషన్‌తో పుట్టిన బిడ్డల్లో ఆ నీరు ఆరడానికి మరికాస్త సమయం పడుతుంది. వాళ్లు ఎలాగూ నాలుగైదు రోజులు ఆసుపత్రిలోనే ఉంటారు కాబట్టి చివరి రోజుకు పెట్టుకోండి. మామూలు కాన్పయితే ఇంటికి పంపే రోజు ఉదయం మంచిది. డిశ్చార్జి కాగితం చేతికిచ్చాక మాత్రం పెట్టుకోకండి. ఆటో వచ్చి గేటు దగ్గర నిలబడ్డాక ఏ కుటుంబమూ పరీక్ష కోసం ఆగదు.

రోజులో ఏ వేళ అంటే, బిడ్డ పాలు తాగి నిద్రపోయిన తర్వాత. తల్లి ఒళ్లో పాలు తాగుతూ ఉండగా చేసేద్దామని కొందరు చూస్తారు. చప్పరించే శబ్దం, మింగే శబ్దం నేరుగా మైకులోకి వెళ్తాయి. ముక్కు మూసుకుపోయి గురగురమంటూ ఊపిరి తీస్తున్న బిడ్డకూ అంతే. బిడ్డను బట్టలో చుట్టి, పక్కకు పడుకోబెట్టి, పై చెవికి ముందు చేసేయండి. రెండో చెవికి తిప్పేటప్పుడు నిద్ర లేస్తే అప్పటికి ఒక చెవి పూర్తయి ఉంటుంది.

గది సంగతి. మే నెలలో నల్లగొండలో బాలింతల వార్డులో ఫ్యాను ఆపమంటే మనల్ని పిచ్చివాళ్లను చూసినట్టు చూస్తారు. అయినా ఆపించాలి. కూలరు అయితే మరీ. పక్కన వేరే చిన్న గది దొరికితే సగం కష్టం తీరినట్టే. స్టోరు గదిలో దుప్పట్ల మధ్య చేసిన పరీక్షలంత చక్కటివి నేను ఏసీ గదిలో కూడా చేయలేదు. దుప్పట్లు చప్పుడును మింగేస్తాయి. యంత్రం బ్యాటరీతో నడుస్తుంది కనుక కరెంటు పోయిన రెండు నిమిషాలు మనకు బంగారం. ఆ తర్వాత కిటికీ కింద జనరేటరు మొదలవుతుంది, అది వేరే కథ.

చెవి దగ్గర పని

ఉదయం మొదటి బిడ్డ దగ్గరికి వెళ్లకముందే ప్రోబ్‌ను మీ సొంత చెవిలో పెట్టుకుని చూడండి. మీ వినికిడి బాగుందని తెలిసి ఉంటే పాస్ రావాలి, అంటే చెవి నుంచి జవాబు దొరికిందని యంత్రం చెప్పాలి. తర్వాత యంత్రంతో పాటు ఇచ్చే చిన్న ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి చూడండి. అందులో చెవి లేదు కనుక పాస్ రాకూడదు. ప్లాస్టిక్ గొట్టం కూడా పాస్ అయిందంటే ఆ రోజు ఆ యంత్రాన్ని పక్కన పెట్టేయాల్సిందే. ఇది రెండు నిమిషాల పని. చాలా చోట్ల ఎవరూ చేయరు.

తర్వాత నూనె. మన దగ్గర పసిబిడ్డకు నూనె పట్టించి స్నానం చేయించేటప్పుడు చెవిలో కూడా చుక్క వేయడం అలవాటు. "చెవిలో నూనె వేశారా పెద్దమ్మా?" అని అడిగితే, "లేదు బిడ్డా" అని ముందు అంటారు. కాసేపాగి, "రెండు చుక్కలే, చలవ కదా" అంటారు. ఆ రెండు చుక్కలు ప్రోబ్ చివరన ఉన్న సన్నటి రంధ్రాలను మూసేయడానికి ధారాళంగా సరిపోతాయి. అప్పుడు యంత్రం బిడ్డ చెవిని కాదు, నూనెను పరీక్షిస్తుంది. అందుకే వార్డులోకి అడుగు పెట్టగానే నా మొదటి మాట నూనె గురించే. పరీక్ష అయ్యేదాకానే కాదు, ఆ తర్వాత కూడా చెవిలో వేయకండి. ఒంటికి ఎంతైనా పట్టించండి. ఇప్పటికే వేసి ఉంటే బయట కనిపించేంత మేర మెత్తటి బట్టతో తుడిచి, పరీక్షను వాయిదా వేయండి. దూదిపుల్ల లోపలికి పెట్టి తీయాలని చూడొద్దు. పసిబిడ్డ చెవి రంధ్రం చాలా చిన్నది, పుల్లతో పొడిస్తే ఉన్న జిడ్డు ఇంకా లోపలికి పోతుంది.

టిప్ ఎంచుకోవడంలో కొత్తవాళ్ల చెయ్యి ఎప్పుడూ చిన్న సైజు వైపే పోతుంది. బిడ్డకు నొప్పి పెడుతుందేమోనని జాలి. రంధ్రం కంటే కొంచెం పెద్ద టిప్ కావాలి. గాలి చొరబడకుండా బిగుతుగా కూర్చుంటేనే లోపలి శబ్దం బయటికి జారిపోదు, బయటి రొద లోపలికి రాదు. టిప్‌ను ప్రోబ్ మెడ దాకా పూర్తిగా తొడగండి, లేకపోతే తీసేటప్పుడు బిడ్డ చెవిలోనే ఉండిపోతుంది.

పెట్టే తీరు ఇది. పెద్దవాళ్లకు చెవి డొప్పను పైకి, వెనక్కి లాగుతాం. పసిబిడ్డకు కిందికి, వెనక్కి. వాళ్ల చెవి రంధ్రం గోడలు ఇంకా గట్టిపడవు, మెత్తగా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. బొటనవేలు, చూపుడు వేలితో తమ్మెను పట్టి మెల్లగా కిందికి లాగితే ఆ గోడలు విడివడి సన్నటి నల్లటి చీలిక కనపడుతుంది. ప్రోబ్‌ను అందులోకి, బిడ్డ ముక్కు ఉన్న వైపుగా, కొద్దిగా తిప్పుతూ తోయండి. తమ్మెను వదలండి. తర్వాత ప్రోబ్‌ను కూడా వదలండి. చేత్తో పట్టుకోకుండానే నిలబడాలి. మీ వేలు తగులుతుంటే మీ నాడి కొట్టుకోవడం, చర్మం రాపిడి అన్నీ మైకుకు వినపడతాయి. పైగా తెలియకుండానే నొక్కి ప్రోబ్ నోటిని రంధ్రం గోడకు ఆనిస్తారు. వైరు బరువుకు ప్రోబ్ కిందికి వేలాడకుండా బిడ్డను చుట్టిన బట్టకు క్లిప్పు పెట్టండి.

మొదటిసారి జవాబు రాలేదా? ప్రోబ్ తీసి దాని మొనను వెలుతురులో చూడండి. చాలాసార్లు తెల్లటి జిడ్డు అంటుకుని ఉంటుంది. అది చెవిలోంచి బయటికి వచ్చేసినట్టే కనుక సంతోషించండి. టిప్ మార్చండి, మొన శుభ్రం చేయండి, మళ్లీ పెట్టండి. ఒక్కోసారి ఇలా పెట్టి తీయడంతోనే దారి తెరుచుకుని రెండోసారి పాస్ వస్తుంది. ఒక బిడ్డకు వాడిన టిప్‌ను కడగకుండా ఇంకో బిడ్డకు పెట్టకూడదని చెప్పాల్సిన పని లేదనుకుంటాను. అయినా చెప్పాను.

ఎన్నిసార్లు ప్రయత్నించాలి? ఒక పూట ఒక చెవికి రెండు, మహా అయితే మూడు. కొందరు పాస్ వచ్చేదాకా ఇరవైసార్లు నొక్కుతూనే ఉంటారు. ఇది శ్రద్ధలా కనిపిస్తుంది కానీ కాదు. యంత్రం లెక్కంతా సంభావ్యత మీద ఆధారపడింది. చాలాసార్లు నొక్కితే ఎప్పుడో ఒకసారి రొదే జవాబులా కనపడి, వినపడని చెవికి కూడా పాస్ ఇచ్చే ప్రమాదం ఉంది.

తెరమీద ఏం చూడాలి

తెరమీద పాస్ లేదా రెఫర్ (జవాబు దొరకలేదు, మళ్లీ చూడాలి) అని పెద్ద అక్షరాలు వస్తాయి. వాటితో ఆగిపోకండి. ఒక్కో స్వరం దగ్గర రెండు విషయాలు చూపిస్తుంది: చెవి జవాబు ఎంత, అక్కడి రొద ఎంత. జవాబు రొదకంటే 6 డెసిబెల్స్ ఎక్కువ ఉంటే చాలా యంత్రాలు దాన్ని జవాబుగా ఒప్పుకుంటాయి. నాలుగు స్వరాల్లో మూడింటికి అలా వస్తే పాస్ ఇవ్వడం ఒక వాడుక. మీ యంత్రంలో ఏ లెక్క పెట్టి ఉందో తెలుసుకోండి.

రెఫర్ వచ్చిన రెండు తెరలు పక్కపక్కన పెట్టి చూపిస్తే తేడా తెలుస్తుంది. మొదటిదానిలో రొద గీతలు పైకి లేచి ఉన్నాయి, జవాబు వాటిలో మునిగిపోయింది. పరీక్ష జరగలేదని దానర్థం, అంతే. చెవి గురించి అది ఏమీ చెప్పలేదు. రెండోదానిలో రొద బాగా అడుగున ఉంది, పంపిన శబ్దం సరిగ్గా అందింది, ప్రోబ్ బిగుతుగా ఉంది, అయినా జవాబు లేదు. దీన్ని పట్టించుకోవాలి. రిజిస్టరులో రెండింటికీ ఒకే 'ఆర్' అక్షరం రాసి చేతులు దులుపుకోకండి. మొదటిదానికి "రొద ఎక్కువ, మళ్లీ చేయాలి" అనీ, రెండోదానికి "జవాబు లేదు" అనీ రాయండి. నెల తర్వాత ఆ బిడ్డను చూసే మనిషికి ఆ రెండు మాటలు ఎంత ఉపయోగమో చెప్పలేను.

వార్డులో కింది స్వరాల గురించి బెంగ పెట్టుకోకండి. ఫ్యాను, ఊపిరి, కదలిక అన్నీ 1,000 హెర్ట్జ్ చుట్టుపక్కలే చేరి అక్కడ జవాబును కప్పేస్తాయి. అందుకే పసిబిడ్డలకు 2,000 నుంచి 5,000 దాకా ఉన్న స్వరాలనే ఎక్కువగా చూస్తారు.

పాస్ వచ్చింది, ఇక చింత లేదా?

పాస్ అంటే ఆ రోజు, ఆ స్వరాల దగ్గర, బయటి రోమ కణాలు పని చేస్తున్నాయని. 30, 40 డెసిబెల్స్ మించిన లోపం ఉండే అవకాశం తక్కువని. అక్కడితో సరి. శబ్దం కాక్లియా దాటి నరంలోకి ఎక్కిందా, మెదడుదాకా చేరిందా అన్నది ఓఏఈ చూడదు.

అందుకే ఎస్‌ఎన్‌సీయూలో, అంటే జబ్బుపడ్డ పసికందుల ప్రత్యేక వార్డులో, ఉండి వచ్చిన బిడ్డల విషయంలో ఓఏఈ ఒక్కటే చేసి పంపకండి. నెలలు నిండకుండా పుట్టి అయిదు రోజులకు మించి అక్కడ ఉన్నవాళ్లు, కామెర్లు తీవ్రమై రక్తం మార్చాల్సి వచ్చినవాళ్లు ఈ జాబితాలో ముందుంటారు. కామెర్ల పసుపు పదార్థం మితిమీరితే శ్రవణ నరాన్నీ, మెదడు కాండంలోని వినికిడి కేంద్రాలనూ దెబ్బతీస్తుంది, రోమ కణాలను వదిలేస్తుంది. అలాంటి చెవి ఓఏఈలో దర్జాగా పాస్ అవుతుంది, బిడ్డకు మాట మాత్రం అర్థం కాదు. వీళ్లకు బెరా పరీక్ష తప్పనిసరి. తలమీద అతికించే ఎలక్ట్రోడ్లతో నరం నుంచి మెదడు కాండం దాకా విద్యుత్ సంకేతాలు వెళ్తున్నాయో లేదో అది చూస్తుంది.

పుట్టినప్పుడు బాగుండి తర్వాత తగ్గే వినికిడి కూడా ఉంటుంది. మెదడువాపు జ్వరాలు, తల్లి కడుపులో ఉండగా సోకిన కొన్ని వైరస్‌లు, వంశపారంపర్య కారణాలు. మన జిల్లాల్లో మేనరికాలు ఇంకా జరుగుతూనే ఉన్నాయి. ఇంట్లో ఎవరికైనా చిన్నప్పటి నుంచి వినపడదా అని తప్పక అడగండి. అడిగేటప్పుడు గొంతులో నేరం మోపే ధోరణి ఉండకూడదు. అసలే ఆ బాలింత మీద గ్రహణం నాడు బయటికి వచ్చిందనో, ఇంకేదో తిన్నదనో అత్తగారింట్లో అభియోగపత్రం సిద్ధమై ఉంటుంది. దానికి మనం ఇంకో పేరా కలపొద్దు.

ఇంటి దగ్గర గమనించమని చెప్పాల్సినవి: ఆరు నెలలకు శబ్దం వచ్చిన వైపు తల తిప్పుతున్నాడా, పది నెలలకు బాబా, దాదా అంటూ అక్షరాలు కలుపుతున్నాడా, ఏడాదికి ఒకటి రెండు మాటలు వచ్చాయా. "వెనక నుంచి స్టీలు కంచం మోగించాం మేడమ్, తిరిగి చూశాడు" అని చాలామంది ధైర్యంగా చెబుతారు. కంచం మోత చాలా పెద్దది. సగం వినికిడి పోయిన బిడ్డ కూడా దానికి తిరుగుతాడు, నీడ కదిలినా తిరుగుతాడు. మొదటి నెలల్లో ఊ కొట్టడం, కేరింతలు కొట్టడం బొత్తిగా వినపడని బిడ్డలూ చేస్తారు. వాటిని చూసి ఏడాది గడిపేసినవాళ్లే ఆలస్యంగా నా దగ్గరికి వస్తారు.

మళ్లీ రప్పించడం

వార్డులో రెఫర్ వచ్చిన బిడ్డల్లో ఎక్కువమందికి రెండోసారి పాస్ వస్తుంది. పుట్టుకతో శాశ్వతంగా వినికిడి లోపం ఉండేది ప్రతి వెయ్యి మందిలో 1 నుంచి 3 వరకు అని ప్రపంచవ్యాప్తంగా చెప్పే అంచనా. కాబట్టి తల్లిని భయపెట్టకండి. "ఈ రోజు చెవి నుంచి జవాబు దొరకలేదమ్మా, లోపల తడి ఉండవచ్చు, మళ్లీ చూడాలి" అనండి. "ఏమీ కాదులే" అని మాత్రం అనకండి. ఆ మాట విన్న కుటుంబం మళ్లీ రాదు. ఇందులో తప్పు వాళ్లది కాదు.

ఆనవాయితీ ప్రకారం మొదటి కాన్పు పుట్టింట్లో. పరీక్ష రిజిస్టరులో మాత్రం భర్త ఫోను నంబరు, అత్తగారి ఊరు ఉంటాయి. మనం ఫోను చేస్తే సూర్యాపేటలోనో, హైదరాబాద్‌లోనో పనిలో ఉన్న భర్త ఎత్తుతాడు, బిడ్డ దేవరకొండ దగ్గర తండాలో అమ్మమ్మ ఒళ్లో ఉంటుంది. అమ్మమ్మ నంబరు రాసుకోండి. ఆశా కార్యకర్త నంబరు రాసుకోండి. మళ్లీ రావాల్సిన తేదీ నెలలోపు పడేలా చూడండి. అది కుదరకపోతే కనీసం ఆరో వారం టీకా రోజుకు జత చేయండి, ఒక ప్రయాణంతో రెండు పనులు అవుతాయి. ఒక చెవికే రెఫర్ వచ్చినా రెండోసారి రెండు చెవులూ చేయండి.

ప్రపంచమంతా పాటించే గడువు 1-3-6: నెలలోపు తొలి పరీక్ష, మూడు నెలలలోపు నిర్ధారణ, ఆరు నెలలలోపు వినికిడి యంత్రమో మరో సాయమో మొదలు కావడం. రెండోసారీ జవాబు లేకపోతే ఇక ఓఏఈతో కాలక్షేపం వద్దు, బెరాకు పంపండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుకతో వచ్చే వినికిడి లోపం కూడా ఉంది, జిల్లా సత్వర చికిత్సా కేంద్రం దారి చూపుతుంది. కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి, సికింద్రాబాద్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం మనకు దగ్గరివి. కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్‌తో లోపలి చెవిలో అమర్చే పరికరం) అవసరమైతే ఆరోగ్యశ్రీ కింద అర్హత ఉందేమో అప్పుడే అడిగి తెలుసుకోమనండి. వయసు పెరిగేకొద్దీ ఇంప్లాంట్ వల్ల ఒరిగే మేలు తగ్గిపోతుంది.

పాలమూరు నుంచి వలస వెళ్లే కుటుంబాలకు ఇంకో మాట చెబుతాను. బాలింత కాస్త కోలుకోగానే ముంబయికో, పుణేకో పనికి తిరిగి వెళ్లిపోతారు. అలీ యావర్ జంగ్ సంస్థ ప్రధాన కేంద్రం ముంబయి బాంద్రాలోనే ఉంది. పేరు మన హైదరాబాదీదే; ఉస్మానియా వైస్ ఛాన్సలర్‌గా పని చేసి, తర్వాత మహారాష్ట్ర గవర్నరయ్యాడాయన. పరీక్ష కాగితం వెనక ఆ చిరునామా రాసి ఇస్తే, ఊరికి తిరిగొచ్చేదాకా ఆగకుండా అక్కడే చూపించుకోవచ్చు.

పెద్దవాళ్ల చెవులకు

ఇదే యంత్రం పెద్దవాళ్లకూ పనికొస్తుంది. సదరం శిబిరానికి వైకల్య ధ్రువపత్రం కోసం వచ్చేవారిలో కొందరు ఏ శబ్దానికీ చెయ్యి ఎత్తరు. ఓఏఈకి మనిషి సమాధానం అక్కర్లేదు, చెవి చెబితే చాలు. రెండు చెవుల్లోనూ జవాబు నిండుగా వస్తుంటే, 70 డెసిబెల్స్ లోపం ఉందన్న మాట మీద అనుమానం రావాల్సిందే. అలాగని అబద్ధమాడుతున్నారని ముఖాన అనేయకండి. నరం లోపం ఉన్నవారికీ తెరమీద ఇదే బొమ్మ వస్తుంది. బెరా చేయించి అప్పుడు మాట్లాడండి.

మిర్యాలగూడ బియ్యం మిల్లుల్లో పని చేసేవారికి నేను ఏడాదికోసారి ఓఏఈ చేయించుకోమంటాను. మోత వల్ల మొదట అలిసేవి బయటి రోమ కణాలే. మామూలు వినికిడి పరీక్షలో అంకెలు ఇంకా బాగానే ఉండగా, 4,000 హెర్ట్జ్ దగ్గర ఓఏఈ తగ్గడం మొదలవుతుంది. పోయిన కణం మళ్లీ మొలవదు కనుక అప్పుడే చెవి ప్లగ్గులు పెట్టించగలిగితే మిగిలినవి దక్కుతాయి. పరీక్షకు మాత్రం షిఫ్టు దిగి నేరుగా రావద్దు. పది గంటల మోత తర్వాత చెవి తాత్కాలికంగా మొద్దుబారి ఉంటుంది, ఉన్న లోపం కంటే ఎక్కువ చూపిస్తుంది. సెలవు తర్వాతి రోజు ఉదయం, మిల్లు గేటు దాటకముందే రావాలి.